క్రోషే అల్లికలు ఎక్కడ అమ్మితే గిట్టుతుంది? కదిరి తిరునాళ్ళ నుంచి కామిక్ కాన్ దాకా

మా వదినా నేనూ మొదటిసారి అంగడి పెట్టింది కదిరి తిరునాళ్ళలో. ఫాల్గుణ మాసం, రథం రోజు. ఒక మడత మంచం, దాని మీద దుప్పటి, పైన పెద్ద గొడుగు. అంతే మా స్టాల్. వంద కీచైన్లు తీసుకుపోతే రెండో రోజు సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదు. తిరుగు బస్సులో ఆ డబ్బులు ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నామో. అనంతపురం చేరాక నోటు పుస్తకం తీసి దారం ఖర్చు, రింగుల ఖర్చు, అల్లిన గంటలు, ఎండలో కూర్చున్న గంటలు అన్నీ వేసి చూస్తే గంటకు 47 రూపాయలు తేలింది. "ఇంతసేపు జాకెట్లు కుట్టుకున్నా ఇంతకంటే ఎక్కువ వచ్చేది కదే" అంది వదిన. ఆమెకు టైలరింగ్ వచ్చు కాబట్టి అది ఉత్తమాట కాదు.

అప్పటి నుంచి ఎక్కడికి పోయినా ఆ పుస్తకం వెంట ఉంటుంది. అనంతపురం, కర్నూలు, కడప వైపు కొక్కెం సూదితో క్రోషే అల్లేవాళ్ళు నన్ను తరచుగా అడిగేది ఒకటే ప్రశ్న: "అల్లడం వచ్చింది, సరే, ఎక్కడ పెట్టాలి?" తిరునాళ్ళా, కాలేజీ ఫెస్టా, డ్వాక్రా మేళానా, బెంగళూరు అపార్ట్‌మెంట్ సంతా, లేకపోతే కామిక్స్, సినిమా పాత్రల అభిమానులు చేరే హైదరాబాద్ కామిక్ కానా? ఇన్‌స్టాగ్రామ్ సంగతి ఇక్కడ ఎత్తను. అది వేరే తలనొప్పి. మనిషి ఎదురుగా నిలబడి కొనే చోట్ల గురించే ఇది.

## ముందు దేన్ని బట్టి చూడాలి

చాలామంది మొదట అడిగేది "జనం ఎంతమంది వస్తారు?" అని. నా ఉద్దేశంలో అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ప్లాస్టిక్ బొమ్మల వాడికి సరుకు లారీలో వస్తుంది. మనకు వేళ్ళలోంచి రావాలి. స్వెట్టర్ అల్లే మిషన్లు ఉన్నాయి గానీ, క్రోషే అల్లే మిషన్ బజార్లో లేదు. ఎక్కడో చవగ్గా దొరికే క్రోషే కీచైన్ కూడా ఎవరో ఒకరు చేత్తో అల్లిందే. రోజుకు నాలుగు గంటలు కూర్చుంటే నెలకు ఎన్ని అల్లగలం? జానెడు బొమ్మలైతే పాతిక లోపే. పాతిక బొమ్మలు పెట్టుకున్న మనిషికి లక్ష మంది జనం దేనికి? కొనే పాతిక మంది చాలు. మన దగ్గర కొరతగా ఉన్నది సరుకే, జనం కాదు.

అందుకే నేను మొదట చూసేది చేతి గంట, అంటే ఒక్క గంట పనికి చేతికి మిగిలేది. అమ్మిన డబ్బులోంచి ముడిసరుకు, స్టాల్, ప్రయాణం, తిండి ఖర్చులు తీసేసి, మిగిలినదాన్ని అల్లిన గంటలు, కూర్చున్న గంటలు, ప్రయాణం గంటలు కలిపిన మొత్తంతో భాగించండి. ప్రయాణం గంటలు వేసుకోవడం చాలామందికి నచ్చదు. వేసుకోవాల్సిందే, ఆ టైములోనూ మన పిల్లల్ని ఎవరో ఒకరు చూసుకుంటున్నారు కదా.

రెండోది బేరం. కొన్ని చోట్ల బేరం ఆడకపోతే కొన్నట్టే ఉండదు జనానికి. కొన్ని చోట్ల రేటు చీటీ చూసి నోరెత్తకుండా స్కాన్ చేసి పోతారు. మూడోది మిగులు. అమ్ముడుపోనిది ఇంకో చోట పోతుందా, లేక దుమ్ము పట్టి అక్కడితో చెడిపోతుందా అన్నది. నాలుగోది ఎవరూ రాయరు, నేను రాస్తాను: ఆడవాళ్ళకు బాత్రూమ్ ఉందా, నీడ ఉందా, రాత్రి ఎన్ని గంటలకు ఇల్లు చేరతాం. తిరునాళ్ళలో పన్నెండు గంటలు నీళ్ళు తాగకుండా కూర్చుని మూడు రోజులు జ్వరం తెచ్చుకున్నాను నేను. ఆ మూడు రోజుల అల్లికా పోయింది.

## ఒకే కొలతతో అన్నీ

కింది పట్టికలో అంకెలు రౌండ్ చేసి వేశాను, లెక్క తేలిగ్గా అర్థం కావడానికి. కీచైన్‌కు అరగంట, 15 రూపాయల ముడిసరుకు. జానెడు బొమ్మకు 5 గంటలు, ఊలు, లోపలి ఫైబర్, కళ్ళు కలిపి 110 రూపాయలు. మీ చెయ్యి నాకంటే వేగం కావచ్చు. మీ అంకెలు మీరు వేసుకోండి.

| చోటు | అమ్మింది | ముడిసరుకు పోను ఖర్చులు | మొత్తం గంటలు | మిగిలింది | గంటకు |
|---|---|---|---|---|---|
| తిరునాళ్ళు, 2 రోజులు | 100 కీచైన్లు, 60 చొప్పున | 1,000 | 74 | 3,500 | 47 |
| కాలేజీ ఫెస్ట్, 1 రోజు | 60 కీచైన్లు, 90 చొప్పున | 1,000 | 38 | 3,500 | 92 |
| బెంగళూరు అపార్ట్‌మెంట్ సంత, 1 రోజు | 40 కీచైన్లు 120 చొప్పున, 10 బొమ్మలు 800 చొప్పున | 4,300 | 90 | 6,800 | 75 |
| కామిక్ కాన్, 3 రోజులు, సరుకంతా పోతే | 150 కీచైన్లు 200 చొప్పున, 25 బొమ్మలు 1,000 చొప్పున | 17,000 | 246 | 33,000 | 134 |
| కామిక్ కాన్, సగమే పోతే | పైదానిలో సగం | 17,000 | 246 | 5,500 | 22 |

ఆఖరి రెండు వరుసలూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. అన్నిటికంటే మంచిదీ అదే, అన్నిటికంటే చెడ్డదీ అదే. మిగిలిన సగం సరుకు తర్వాత వేరేచోట అమ్ముకోవచ్చు, నిజమే. కానీ ఆ రాత్రి లాడ్జి బిల్లు కట్టేటప్పుడు ఆ ధైర్యం ఉండదు.

పట్టికలో ఎగ్జిబిషన్లు, డ్వాక్రా మేళాలు లేవు. ఎందుకో వాటి దగ్గర చెబుతాను.

## తిరునాళ్ళు, జాతరలు

మన వైపు వీటికి కొదవ లేదు. కదిరి నరసింహస్వామి రథం, శ్రావణంలో మంత్రాలయం ఆరాధన, దేవుని కడప బ్రహ్మోత్సవాలు, ఒంటిమిట్ట కళ్యాణం, కడప పెద్ద దర్గా ఉరుసు, దసరాకు ప్రొద్దుటూరు. స్థలం దొరకడం తేలికే. వేలం పాట పాడుకున్న కాంట్రాక్టరు మనిషి వచ్చి ఆశీలు (స్థలం రుసుము) వసూలు చేసుకుంటాడు, రశీదు అడిగి తీసుకోండి. మంచి మూల కావాలంటే ముందు రోజే పోయి దుప్పటి పరవాలి.

బేరం మాత్రం గట్టిగా ఉంటుంది. "ఏమ్మా, ఇంత పిట్ట నూటిరవయ్యా? ఆడ ప్లాస్టిక్‌ది ముప్పైకే ఇస్తాండారు కదా." ఈ మాటకు కోపం తెచ్చుకోవద్దు. ఆమె ఊరి నుంచి బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చింది, ముగ్గురు పిల్లలున్నారు, ముగ్గురికీ ఏదో ఒకటి కొనాలి. అక్కడ 800 బొమ్మ పెట్టడం మన తప్పు, ఆమె తప్పు కాదు.

మరి అక్కడ ఏం పోతుంది? రెండేళ్ళు రకరకాలుగా పెట్టి చూశాక మాకు తెలిసింది దిష్టి అల్లిక గురించి. పసుపు దారంతో ఒక నిమ్మకాయ, కింద ఏడు పచ్చిమిరపకాయలు, తగిలించడానికి నల్లదారం. నిమ్మకాయలో గుప్పెడు ఫైబర్ కూరితే చాలు, మిరపకాయకు అది కూడా అక్కర్లేదు. పది చైన్ కుట్లు వేసి వెనక్కి తిరిగి అల్లితే దానంతటదే వంకర తిరిగి మిరపకాయ అవుతుంది. ఆటోవాళ్ళు, కొత్త బండి కొన్నవాళ్ళు నిలబడి చూస్తారు. "ఎండదు, కుళ్ళదు, వారం వారం మార్చే పని లేదన్నా" అని చెబితే చాలు. ఒకాయన మాత్రం "అసలుది కాకుంటే దిష్టి తగలదా?" అని పావుగంట వాదించి, చివరికి రెండు కొన్నాడు, ఒకటి బండికి, ఒకటి ఇంటికి.

దానితో పాటు జడ రబ్బర్లు, చిన్న పూల క్లిప్పులు, గుమ్మం తోరణాలు. తోరణం అంటే మనవాళ్ళకు చెప్పక్కర్లేదు. టీవీ మీద తెల్ల లేసు గుడ్డ, గుమ్మానికి ఊలు తోరణం చూస్తూ పెరిగిన వాళ్ళే అందరూ. "మా అవ్వ కూడా అల్లేది" అంటూ ఆగుతారు. ఆగినవాళ్ళలో సగం మంది కొంటారు.

తెల్లరంగు ఏదీ తీసుకుపోవద్దు. ఆ ఎర్ర దుమ్ముకు ఒక్కపూటలో రంగు మారిపోతుంది. మంత్రాలయంలో పెడితే కన్నడంలో రేటు చెప్పడం నేర్చుకోండి. బళ్ళారి, రాయచూరు వైపు నుంచి వచ్చే భక్తులు చాలామంది ఉంటారు, వాళ్ళ భాషలో పలకరిస్తే బేరం కాస్త మెత్తబడుతుంది. ఇక ఆషాఢంలో మన వైపు గాలి సంగతి తెలిసిందే. గాలిమరలు రామగిరి కొండల మీద ఊరికే పెట్టలేదు. ఆ నెలలో బయట స్టాల్ అంటే నేను వద్దనే అంటాను. మా గొడుగు ఒకసారి లేచిపోయి చెరుకురసం బండి మీద పడింది. ఆ అన్నకు రెండు గ్లాసులు బోణీ చేసి బయటపడ్డాం.

పుట్టపర్తిది వేరే దారి. నవంబర్ 23న సత్యసాయిబాబా జయంతికి దేశదేశాల భక్తులు వస్తారు. క్రోషే అంటే ఏమిటో వాళ్ళకు మనం చెప్పక్కర్లేదు, కుట్టు తిప్పి వెనకవైపు చూసి మరీ కొంటారు. తెల్ల కాటన్ లేసు పోయేది మన వైపు అక్కడే. కాకపోతే అది జయంతి రోజుల మాట, ఏడాదంతా అట్లా ఉండదు.

## కాలేజీ ఫెస్టులు

పట్టికలో దీని అంకె చూసి నాకే ఆశ్చర్యం వేసింది. ఖర్చు తక్కువ, ఊర్లోనే, సాయంత్రానికి ఇంట్లో ఉంటాం. అనంతపురంలో, కర్నూలులో, కడపలో ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీలకు లోటు లేదు, ఏడాదికి ఒకటి రెండు ఫెస్టులు ప్రతిచోటా జరుగుతాయి. స్టాల్ ఇచ్చేది ఎక్కువగా విద్యార్థుల కమిటీయే. కమిటీలో ఉన్న ఒక్క అమ్మాయి తెలిస్తే చాలు, పని అయిపోతుంది.

అయితే ఒక హద్దు ఉంది. పిల్లల జేబులో నూటయాభై దాటదు. బొమ్మ 800 అంటే ఫోటో తీసుకుని, స్టేటస్ పెట్టి, "సూపర్ అక్కా" అని పోతారు. కీచైన్లు, ఎయిర్‌పాడ్స్ కవర్లు, స్క్రంచీలు, ఒంటి గులాబీలు, పొద్దుతిరుగుడు పూలు, ఇవే పోయేవి. ఫిబ్రవరి మొదటి రెండు వారాల్లో గులాబీలు ఎన్ని ఉన్నా చాలవు. "రేపు ఫోన్‌పే చేస్తా అక్కా" అన్నవాళ్ళలో నిజంగా చేసినవాళ్ళూ ఉన్నారు. నేనైతే ఇప్పుడు ఒప్పుకోను.

స్టాల్ ఎక్కడ ఇస్తారో ముందే అడగండి. ఒక ఫెస్టులో మా టేబుల్ మిరపకాయ బజ్జీల మూకుడు పక్కనే వేశారు. జనం బాగానే వచ్చారు, బజ్జీల కోసం. ఊలు వాసన పట్టినంతగా ఇంకేదీ పట్టదు. ఇంటికొచ్చి ఇరవై బొమ్మలు షాంపూ నీళ్ళలో ఉతికాం. పైన రెండు గంటల్లో ఆరిపోయాయి, లోపలి ఫైబర్ ఆరడానికి మాత్రం మూడు రోజులు పట్టింది. మిద్దె మీద తాడుకు చెవులు పట్టి వేలాడదీసిన కుందేళ్ళను చూసి పక్కింటి పిల్లవాడు ఏడ్చాడు కూడా.

## నెల రోజుల ఎగ్జిబిషన్లు

జెయింట్ వీల్, ఢిల్లీ అప్పడాలు, ఏది తీసుకున్నా ఒకే రేటు దుకాణాలు ఉండే ఎగ్జిబిషన్లు. చేత్తో అల్లేవాళ్ళకు ఇవి పనికిరావు. నెల అద్దె కట్టాలి, నెలంతా రోజూ రాత్రి పది దాకా కూర్చోవాలి. అన్ని రోజులకు సరిపడా సరుకు ఒకరిద్దరు అల్లలేరు, పట్టికలో వేయడానికి కూడా లెక్క కుదరదు. ఎవరిదైనా స్టాల్‌లో ఒక మూల కమిషన్ మీద పెట్టమని ఇవ్వొచ్చు. ఇస్తే ఎన్ని ఇచ్చారో రాసి సంతకం పెట్టించుకోండి.

## డ్వాక్రా, సరస్ మేళాలు, శిల్ప్ బజార్లు

ఇది ఒంటరిగా అల్లేవాళ్ళకు కాదు, గ్రూపు ఉన్నవాళ్ళకు. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సరస్ మేళాలు స్వయం సహాయక సంఘాల మహిళల కోసమే. పల్లెల్లో వెలుగు ఆఫీసు, పట్టణాల్లో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ద్వారా పేరు పోవాలి. కేంద్ర జౌళి శాఖ హస్తకళల విభాగం సాయంతో జరిగే గాంధీ శిల్ప్ బజార్లకు పహచాన్ అనే ఆర్టిజన్ గుర్తింపు కార్డు అడుగుతారు. కార్డు కోసం మనం నిజంగా ఆ పని చేస్తామని చూపించాలి.

ఎంపిక మన చేతిలో ఉండదు. పిలుపు ఎప్పుడొస్తుందో, ఏ ఊరికి వస్తుందో తెలియదు. వస్తే వారం, పది రోజులు ఊరు దాటి ఉండాలి. అందుకే గంట లెక్కలో పెట్టలేదు. గ్రూపులో నలుగురు వంతులవారీగా వెళ్ళగలిగితే మాత్రం బ్రహ్మాండమైన అవకాశం, ఎందుకంటే అక్కడికి వచ్చేవాళ్ళు చేతిపని కొనడానికే వస్తారు.

ఒక జాగ్రత్త. ఇలాంటి మేళాల్లో పశ్చిమ గోదావరి నుంచి నర్సాపురం లేసు మహిళలు కనిపిస్తారు. వాళ్ళది తరాల నాటి పని, ఆ క్రోషే లేసుకు 2024లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే) గుర్తింపు కూడా వచ్చింది. టేబుల్ క్లాతులు, దిండు గలేబులతో వాళ్ళ పక్కన కూర్చుంటే మనది వెలవెలబోతుంది. బొమ్మలు తీసుకుపోండి. ఊలు బొమ్మలు వాళ్ళ టేబుల్ మీద నేను పెద్దగా చూడలేదు.

మేళాకు పోకపోయినా పహచాన్ కార్డు తీసుకోవడం మంచిది. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. పహచాన్ కార్డు ఇచ్చే హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకు అందులోంచి మినహాయింపు ఇచ్చారు. "ఇది పిల్లల బొమ్మేనా, సర్టిఫికెట్ ఉందా?" అని బెంగళూరులో ఒక తండ్రి అడిగేదాకా ఈ సంగతి మాకూ తెలియదు.

## బెంగళూరు అపార్ట్‌మెంట్ సంతలు

మన వైపు నుంచి బెంగళూరు దగ్గర. అనంతపురం నుంచి బస్సులో నాలుగైదు గంటలు, హిందూపురం వాళ్ళకైతే ఇంకా తక్కువ. పెద్ద అపార్ట్‌మెంట్లలో శని, ఆదివారాలు సంతలు పెడతారు. టేబుల్, కుర్చీ, కరెంటు పాయింటు, పైన నీడ. ఆ నీడ, బాత్రూమ్ కోసమే పోవచ్చనిపిస్తుంది ఒక్కోసారి.

అక్కడ మనిషి స్టాల్ ముందు ఎక్కువసేపు నిలబడతాడు. తిరునాళ్ళలో జనం నడుస్తూ చూస్తారు. ఇక్కడ బిడ్డనెత్తుకున్న తల్లి పది నిమిషాలు నిలబడి, కళ్ళు ఊడతాయా, రంగు పోతుందా, మిషన్‌లో ఉతకొచ్చా అని అడుగుతుంది. సమాధానం ఉండాలి. మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మలకు ప్లాస్టిక్ కళ్ళు పెట్టకుండా దారంతోనే కళ్ళు కుట్టామని చెబితే రేటు గురించి మాట ఉండదు. అనంతపురం ఎండలో ఎవరూ ముట్టని ఊలు టోపీలు, పసిపిల్లల సాక్సులు డిసెంబరులో అక్కడ బాగా పోతాయి.

అసలు లాభం ఆ రోజు అమ్మకంలో లేదు, ఆర్డర్లలో ఉంది. "ఇదే ఏనుగు నీలంలో కావాలి, పాప పేరు కూడా అల్లాలి" అంటే అడ్వాన్సు తీసుకుని రాసుకోవడమే. కొరియర్‌లో పంపితే రెండోసారి బస్సు చార్జీ లేదు, స్టాల్ అద్దె లేదు. ఒక సంతకు ఐదు ఆర్డర్లు వచ్చినా పట్టికలోని 75 ఇంకాస్త పైకి పోతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. స్టాల్ డబ్బులు ముందే కట్టాలి, వర్షం వచ్చినా వెనక్కి రావు. ఒకసారి వాట్సాప్‌లో "వెయ్యి ఫ్లాట్లు" అని చెప్పి డబ్బు కట్టించుకున్నారు. తీరా పోతే కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్, సగం తలుపులకు తాళాలు. ఫ్లాట్లు ఎన్ని అని కాదు, ఎన్నిట్లో మనుషులు ఉంటున్నారని అడగాలి.

రాష్ట్రం దాటుతున్నాం కాబట్టి జీఎస్టీ సంగతి ఒకసారి ఆడిటర్‌తో మాట్లాడుకోండి. చేతిపనుల వస్తువులకు పరిమితి లోపు అమ్మకాలకు రిజిస్ట్రేషన్ మినహాయింపు ఉంది. కానీ పాన్ కార్డు ఉండాలి, సరుకు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) తీసుకోవాలి అన్నది నియమం. మీరు అల్లే వస్తువు మినహాయింపు ఉన్న చేతిపనుల జాబితాలో ఉందా లేదా అన్నదే ఆడిటర్‌ని అడగాల్సింది.

## కామిక్ కాన్

హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ ఏటా జరుగుతుంది, తేదీలు మారుతుంటాయి. కర్నూలు వాళ్ళకు హైదరాబాద్, అనంతపురం వాళ్ళకు బెంగళూరు వీలు. కడప వాళ్ళకు హైదరాబాద్ అంటే రాత్రంతా ప్రయాణం, అది కూడా లెక్కలో వేసుకోండి.

ఇక్కడికి వచ్చే జనమే వేరు. టికెట్ కొనుక్కుని, వేషాలు వేసుకుని, డబ్బు ఖర్చు పెట్టడానికే వస్తారు. 200 కీచైన్ చేతిలో పెట్టి చూసి "మూడు ఇవ్వండి" అంటారు. బేరం ఉండదు. జపాన్ వాళ్ళు అమిగురుమి అని పిలిచే చిన్న ఊలు బొమ్మలంటే వాళ్ళకు పిచ్చి. ఆ పేరు మనకంటే వాళ్ళకే బాగా తెలుసు.

కానీ 175 వస్తువులు కావాలంటే అల్లికే 200 గంటలు. రోజుకు నాలుగు గంటల చొప్పున యాభై రోజులు. ఇంట్లో పెళ్ళో, పిల్లల పరీక్షలో పడితే సరుకు సగమే తయారవుతుంది, స్టాల్ అద్దె మాత్రం పూర్తిగా కట్టి ఉంటాం. మొదటిసారి సొంత స్టాల్ తీసుకోవద్దు. ఆర్టిస్టులు, స్టిక్కర్లు అమ్మేవాళ్ళు ఎవరితోనైనా టేబుల్ పంచుకోండి. పంచుకోవచ్చో లేదో నిర్వాహకులను ముందు అడిగి తెలుసుకోండి.

ఇంకో చిక్కు. అక్కడ ఎక్కువగా అడిగేది పికాచు లాంటి పేరుపొందిన కార్టూన్ పాత్రలనే. అల్లింది మన చెయ్యే అయినా ఆ బొమ్మ రూపం మీద హక్కు కంపెనీది. అనుమతి లేకుండా అమ్మడం తప్పే, పక్క టేబుల్ వాళ్ళు అమ్ముతున్నారని మనకు హక్కు రాదు. దానికి వదిన పట్టుకున్న దారి నాకు నచ్చింది. లేపాక్షి నందిని అల్లింది, మెడలో గంటల పట్టీతో సహా. తర్వాత రాగి సంగటి ముద్దకు రెండు కళ్ళు, నవ్వు పెట్టి, పక్కన చిన్న గిన్నెలో ఊరిబిండి పచ్చడి. చూసిన సీమ పిల్లలు "ఒరే, సంగటి రా!" అని స్నేహితుల్ని పిలుచుకొచ్చారు. ఆ ముద్ద అల్లడానికి గంటన్నర కూడా పట్టదు. చేతి గంట లెక్కలో మా దగ్గర ఇప్పటిదాకా దాన్ని మించింది లేదు.

## మీరు ఎవరో దాన్ని బట్టి

చదువుకుంటూ అల్లేవాళ్ళకు నేను ఇంకో మాట చెప్పను, కాలేజీ ఫెస్టులే. పెట్టుబడి వెయ్యి, రెండు వేలతో అయిపోతుంది, నష్టం వచ్చినా ఒక్క రోజుదే.

చిన్నపిల్లల తల్లులకు బెంగళూరు సంత నెలకు ఒకటి, మిగతా రోజుల్లో ఆర్డర్లు. తిరునాళ్ళు వద్దు. పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆ ఎండలో కూర్చోవడం చూసి కొనేవాళ్ళ మనసే ఒప్పుకోదు, జాలితో ఇచ్చే డబ్బు మనకు వద్దు. బెంగళూరులో రాత్రి ఉండటానికి చుట్టాలు లేకపోతే మాత్రం ఈ లెక్క మారిపోతుంది. లాడ్జి ఖర్చు వేస్తే గంటకు 75 కాస్తా యాభైకి దిగుతుంది, అప్పుడు ఊర్లో ఫెస్టులే మేలు.

చేతివేగం ఉండి, ఓపిగ్గా బేరం ఆడగలిగి, బొమ్మల కంటే చిన్న వస్తువులు అల్లడమే ఇష్టమైన వాళ్ళకు తిరునాళ్ళే సరి. గంటకు 47 అన్నది కీచైన్ల లెక్క. దిష్టి అల్లికలతో, తోరణాలతో అది పెరుగుతుంది. ఐదారుగురు కలిసి అల్లే గ్రూపు అయితే పహచాన్ కార్డుకు దరఖాస్తు పెట్టి, పిలుపు వచ్చేదాకా తిరునాళ్ళు చేసుకుంటూ ఉండొచ్చు.

ఉద్యోగం చేస్తూ రాత్రిపూట అల్లేవాళ్ళకే కామిక్ కాన్ ఎక్కువ సరిపోతుందని నా అభిప్రాయం. వినడానికి వింతగా ఉన్నా, జీతం వస్తుంది కాబట్టి సగం సరుకు మిగిలినా ఇల్లు గడుస్తుంది. ఏడాదికి ఒక్కటే పెట్టుకుని, ఆరు నెలల ముందు నుంచి కొంచెం కొంచెం అల్లుకోవచ్చు. అల్లికల మీదే ఇల్లు నడవాలనుకునే వాళ్ళు మొదటి ఏడాదే దానికి పోవద్దు.

ఎక్కడికి పోయినా మొదటిసారి ముప్పై వస్తువులకు మించి తీసుకుపోకండి. ఒక్కో రకం పేరు పుస్తకంలో రాసి, ఎవరైనా చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేసిన ప్రతిసారీ ఒక గీత గీయండి, కొన్నప్పుడు చుట్టూ సున్నా చుట్టండి. గీతలు ఎక్కువ, సున్నాలు తక్కువ ఉంటే రేటు ఎక్కువని అర్థం. గీతలే లేకపోతే ఆ వస్తువు ఆ చోటుకు కాదు. మా పుస్తకంలో కదిరి పేజీలో నీలం ఏనుగు పక్కన పదిహేడు గీతలున్నాయి, ఒక్క సున్నా లేదు. అదే ఏనుగు మూడు వారాల తర్వాత బెంగళూరులో రెండో గీతకే పోయింది.